బ్యాగు పట్టీ, పచ్చ దీపం

తలుపులక్క రైల్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. పెట్టె మొత్తం ఖాళీగా ఉన్నా సరే, తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. స్టేషన్ వచ్చిన ప్రతిసారీ ఎక్కేవాళ్ళ ముఖాలు చూడదు. ఎవరి సంచి, ఎవరి గొడుగు, ఎవరి కోటు అంచు ఆ రెండు రెక్కల మధ్యకి వస్తున్నాయో చూస్తుంది. "బ్యాగు లోపలికి లాక్కోండమ్మా" అని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెబుతుంది. కొందరు లాక్కుంటారు. కొందరు ఈవిడకి వేరే పని లేదా అన్నట్టు చూస్తారు. నిజం చెప్పాలంటే ఆవిడకున్న పనల్లా అదే.

నేల కింద తిరిగే రైళ్ళ డిపోలో తలుపుల విభాగానికి ఆమె సూపర్‌వైజరు. మేస్త్రీ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ తలుపులక్కే. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినబడదు. ఇంట్లో అత్తగారు మాత్రం పాదరసం అని ఇంకో పేరు పెట్టింది. "మా కోడలు కూర్చుంటే కుర్చీ ఉలిక్కిపడుతుంది" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంది. అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు. తలుపులక్కకి పుట్టుకతోనే కుదురు లేదు. కాకపోతే ఈ మూడేళ్ళుగా ఆ కుదురులేనితనానికి ఒక కారణం కూడా దొరికింది.

ఆ కారణం ఆమె భర్త. ఆయన అవే రైళ్ళు నడిపే డ్రైవరు. నిదానస్తుడు. ఇల్లు అంటుకున్నా చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, అప్పుడు బయటికొచ్చే రకం. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం తలుపులు మూశాడు, అన్నీ మూసుకున్నాయన్నట్టు ఎదురుగా పచ్చ దీపం వెలిగింది, బండి కదిపాడు. వెనక పెట్టె తలుపులో ఒక పెద్దావిడ బ్యాగు పట్టీ ఇరుక్కుని ఉంది. బ్యాగు లోపల, ఆవిడ బయట, పట్టీ ఆవిడ మోచేతికి చుట్టుకుని. లోపలివాళ్ళెవరో చూసి ఎమర్జెన్సీ హ్యాండిల్ లాగారు కాబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక మాత్రం విరిగింది. 

విచారణ జరిగింది. తలుపు బాగానే ఉందన్నారు. దీపమూ బాగానే ఉందన్నారు. ప్రమాణాల పుస్తకం ప్రకారం తలుపు వేలంత మందమున్న గట్టి వస్తువును పసిగడితే చాలు. పట్టీ అంతకంటే చాలా పలచన. కాబట్టి తలుపుకి తెలియకపోవడం తలుపు తప్పు కాదు. ఇక మిగిలింది మనిషి. ఆయన్ని బండి దింపేసి, ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్లు దాచే గదిలో కౌంటరు వెనక కూర్చోబెట్టారు. ఆయన కిమ్మనకుండా వెళ్ళి కూర్చున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. ఆ రోజునుంచి ఆయన రైలెక్కడం కూడా మానేశాడు. డ్యూటీకి బస్సులో పోతాడు, బస్సు దొరక్కపోతే నడుస్తాడు. ఎందుకని అడిగితే నడక ఒంటికి మంచిదట అంటాడు.

వేలంత మందం అని ఎవరు నిర్ణయించారు? ఆమె ఆరా తీసింది. ప్రభుత్వం కాదు, కోర్టు కాదు. రైళ్ళు నడిపే సంస్థలవాళ్ళు, తలుపులు తయారుచేసే కంపెనీలవాళ్ళు, తనిఖీలు చేసేవాళ్ళు, సలహాలిచ్చేవాళ్ళు ఒక బల్ల చుట్టూ చేరి, తమ సెలవులు ఖర్చు పెట్టుకుని, మాట్లాడుకుని, పోట్లాడుకుని రాసుకున్నారు. ఆ పని చేసినందుకు ఎవరికీ దమ్మిడీ రాదు. రాసినదాన్ని ఎవరూ పాటించి తీరాలనీ లేదు. ఇష్టమైతే పాటిస్తారు, లేకపోతే బీరువాలో పెట్టుకుంటారు. అయినా కొత్త రైళ్ళు కొనేటప్పుడు అందరూ ఆ పుస్తకమే తెరుస్తారు. ప్రమాదం జరిగితే విచారణవాళ్ళూ దాన్నే తెరుస్తారు. ఎవరినీ బలవంతపెట్టని ఆ పుస్తకమే తన మొగుణ్ణి ఆ కౌంటరు వెనక్కి నెట్టిందని ఆమె నమ్మకం.

ఆ పుస్తకాన్ని కొన్నేళ్ళకోసారి తిరగరాస్తారు. సరిగ్గా అప్పుడే తలుపుల కమిటీకి ఒక మనిషి కావాలని డిపోకి కబురొచ్చింది. అందరూ నేల చూపులు చూశారు. వేరే ఊళ్ళకి పోయి, నాలుగ్గోడల మధ్య కూర్చుని, ఒక్కో వాక్యాన్నీ పీకి పాకం పెట్టే పని ఎవరిక్కావాలి? ఆమె చెయ్యెత్తింది.

"అక్కా, మీరు కూర్చోగలరా?" అన్నాడు మేనేజరు.

"నిలబడతాన్లెండి" అంది.

మొదటి సమావేశంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ తామెవరి తరఫున వచ్చారో చెప్పాలి. ఈ విషయంలో సొంత లాభనష్టాలేవైనా ఉంటే అవీ చెప్పాలి. ఉన్నవాళ్ళు మాట్లాడొచ్చు గానీ ఓటు వేయడానికి లేదు. కమిటీ అధ్యక్షుడు రిటైరైన సిగ్నల్ ఇంజినీరు, అందరూ పెద్దాయన అంటారు. ఆమె వంతు వచ్చింది. డిపోలో తలుపుల మరమ్మతు నుంచి వచ్చానంది. సొంత సంగతులేమైనా ఉన్నాయా అని పెద్దాయన అడిగాడు. మాట గొంతుదాకా వచ్చింది. లేవన్నట్టు తలూపింది. ఆ తలూపుడు రెండేళ్ళపాటు ఆమెను సరిగ్గా నిద్రపోనివ్వలేదు.

పెద్దాయన పనితీరు ఆమెకి ఓ పట్టాన అంతుపట్టలేదు. ఎక్కువమంది ఔనంటే అయిపోయినట్టు కాదంటాడు. కాదన్న మనిషి ఎందుకు కాదన్నాడో రాసివ్వాలి. ఆ రాసినదానికి కమిటీ జవాబు రాయాలి. ఒప్పుకుంటే ఎలా మారుస్తారో, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో. అలా ఒక్క వాక్యం మీద పూటంతా గడిచిపోయేది. ఆ పూటంతా ఆమె బల్ల దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ నుంచి మంచినీళ్ళ దగ్గరికి తిరుగుతూనే ఉండేది. మూడో సమావేశానికల్లా ఆమె కుర్చీ మీద మిగతావాళ్ళు కోట్లు వేయడం మొదలుపెట్టారు.

ఆమె కోరినవి రెండే. తలుపు మధ్య పలచని పట్టీ ఇరికించి, చేత్తో లాగితే ఊడి రావాలి, ఆ పరీక్ష వారం వారం జరగాలి. పచ్చ దీపం తలుపులు మూసుకున్నాయని మాత్రమే చెబుతుంది, ఏమీ ఇరుక్కోలేదని చెప్పదు అని ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం పుస్తకంలో పడితే తన మనిషి తప్పులేదని లోకం ఒప్పుకున్నట్టే అనుకుంది.

అడ్డుపడింది తలుపుల కంపెనీ ఇంజినీరు. తలుపు అంచుల రబ్బరు గురించి తప్ప ఇంకో ఊసు ఎత్తడు కాబట్టి ఇంట్లో ఆయనకి రబ్బరాయన అని పేరు పెట్టింది. మనిషి దుర్మార్గుడైతే బాగుండేది. పాపం, మంచివాడు. మనసారా తిట్టుకుందామన్నా సందివ్వడు.

"మేడమ్, రబ్బరు పొద్దున ఒకలా ఉంటుంది, ఎండెక్కాక ఇంకోలా ఉంటుంది. కొత్తదొకలా, పాతదొకలా. పొద్దున పాసైన తలుపు మధ్యాహ్నం ఫెయిలవుతుంది. ఫెయిలైన బండిని మీరు డిపోలో ఆపేస్తారు. ప్లాట్‌ఫారం మీద జనం పేరుకుపోతారు. ఆ తోపులాటలో పడిపోయేవాళ్ళకి ఎవరు జవాబు చెబుతారు?"

ఆమె కిటికీ దగ్గరికి నడిచింది.

"ఇంకోటి కూడా చూడండి. మనం రాసేది చట్టం కాదు. మరీ బిగించి రాశామంటే ఒక్కళ్ళు కూడా వాడరు. ఎవరూ తెరవని పుస్తకం ఎంత గొప్పదైతే ఏం లాభం?"

"అందరూ తెరిచి, ఏమీ చెయ్యక్కర్లేదని మూసేసే పుస్తకం వల్ల మాత్రం ఏం లాభం?" అంది ఆమె. ఇద్దరి మాటలూ కార్యదర్శి రాసుకుంది. ఆ పూట అక్కడితో సరి.

ఈ గొడవంతా ఇంట్లో వినీ వినీ ఒకరోజు భర్త జేబులోంచి చుట్ట చుట్టిన బ్యాగు పట్టీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడగని సామాన్లను గడువు దాటాక పారేస్తారు, వాటిలోది. "నీ పరీక్షకి పనికొస్తుందేమో చూడు" అన్నాడు. తర్వాత తోలువి, గుడ్డవి, నైలానువి, పిల్లల బడి సంచులవి వరసగా తెచ్చాడు. ఆమె వాటన్నిటినీ డిపో తలుపుల్లో ఇరికించింది. ఒక్కటీ తేలిగ్గా ఊడి రాలేదు, ఒక్కదానికీ పచ్చ దీపం ఆరలేదు. వాటిల్లో నల్ల నైలాను పట్టీ మరీ మొండిది. దాన్ని కమిటీకి చూపించాలని పట్టుబట్టింది. చివరి సమావేశం మీ డిపోలోనే పెడదాం, కళ్ళారా చూద్దాం అన్నాడు పెద్దాయన. అక్కడ తేలకపోతే ఆమె అభ్యంతరం కొట్టేసి పుస్తకం అచ్చుకి పంపిస్తారు. మళ్ళీ తిరగరాసేది ఇంకెన్నేళ్ళకో.

సమావేశానికి ముందురోజు సాయంత్రం ఆమె గిన్నెలు తోముతోంది. భర్త పక్కన నిలబడి తుడుస్తున్నాడు.

"రేపేనా?"

"రేపే. తాడో పేడో తేలిపోతుంది. మీ తప్పు లేదని పుస్తకంలోనే రాయిస్తాను, చూడండి."

ఆయన తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. "నేను అద్దం చూడలేదు" అన్నాడు.

"ఏ అద్దం?"

"ప్లాట్‌ఫారం చివర ఉంటుందే, అది. రోజూ చూసేవాణ్ణి. ఆ రోజు దీపం చూశాను, అద్దం చూడలేదు. చూసుంటే ఆవిడ కనబడేది."

"విచారణలో అడిగారుగా?"

"గుర్తులేదన్నాను. గుర్తుంది."

రెండేళ్ళు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని వాక్యాలు, ఎన్ని పోట్లాటలు. ఇంత చేసింది అద్దం చూడని మనిషి కోసమా అని ఆమెకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే, మూడేళ్ళు ఈ మాట మింగుకుని ఆ కౌంటరు వెనక ఎలా కూర్చున్నాడో అని జాలేసింది. ఏది ముందో ఏది వెనకో తెలియక గిన్నెను బరబరా తోమింది.

"ఆ గిన్నె నీకేం అపకారం చేసిందే?" అంది అత్తగారు పక్క గదిలోంచి.

"మరి ఈ పట్టీలెందుకు తెచ్చిచ్చారు?" అని గొంతు తగ్గించి భర్తని అడిగింది.

"నువ్వనేది తప్పు కాదుగా. ఎదురుగా పచ్చగా వెలుగుతుంటే ఇంక తల తిప్పి చూడబుద్ధి కాదు ఎవరికైనా. నేను కాకపోతే ఇంకొకడు."

మర్నాడు కమిటీ అంతా డిపోకి వచ్చింది. తలుపులక్క బండెక్కి నల్ల పట్టీని రెక్కల మధ్య పెట్టి మూయించింది. పచ్చ దీపం వెలిగింది. "చూశారుగా. దీపం ఏమీ లేదంటోంది. ఇప్పుడు లాగండి, రాదు" అంది.

పెద్దాయన రెండు చేతులా పట్టుకుని, కాలు నిలదొక్కుకుని లాగాడు. పట్టీ వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. ఆయన వెనక్కి తూలి రబ్బరాయన మీద పడ్డాడు. తోలు పట్టీ పెట్టారు, వచ్చేసింది. బడి సంచి పట్టీ పెట్టారు, అదీ వచ్చేసింది. ఎవరో నవ్వాపుకోలేకపోయారు.

అందరూ సమావేశం గదివైపు నడుస్తుంటే మేస్త్రీ ఆమె దగ్గరికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎలా ఉన్నాయక్కా తలుపులు? పొద్దున్నే వచ్చి రబ్బరన్నిటికీ సిలికాన్ నూనె పట్టించాం. బయటివాళ్ళొస్తున్నారు, మీ పరువు పోకూడదని."

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పెద్ద తనిఖీ ఉందంటే తలుపులకి నూనె రాసి మెరిపించడం ఆ డిపోలో ఆనవాయితీ. నేర్పింది కూడా తనే. పరీక్ష కోసం తెచ్చిన బండికి వద్దని చెప్పాలని తట్టలేదు.

గదిలోకి వెళ్ళి ఉన్న సంగతి చెప్పింది. రబ్బరాయన వెటకారం చేయలేదు. తలాడించి, "రెండేళ్ళుగా నేను చెప్పేది ఇదే కదా మేడమ్. ఒక గుడ్డ పెట్టి తుడిస్తే ఫలితం తారుమారైపోయింది. ఇలాంటి పరీక్షను నమ్మి బళ్ళు ఎలా ఆపుతాం?" అన్నాడు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. పెద్దాయన చుట్టూ చూశాడు. అభ్యంతరాన్ని కొట్టేద్దామా అన్నట్టు కార్యదర్శి కలం పట్టుకుంది. అప్పుడు తలుపులక్క కిటికీ దగ్గర్నుంచి తిరిగి, ఎవరూ అడగకుండానే, "నాకిందులో సొంత సంగతి ఉంది" అంది. "మా ఊళ్ళో ఒక పెద్దావిడ పట్టీ తలుపులో ఇరుక్కుందే, ఆ బండి నడిపింది మా ఆయన. మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. దాచాను."

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని ఇక్కడ ఎలా కూర్చున్నావమ్మా?"

"కూర్చోలేదు సార్" అంది.

ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. పద్ధతి పద్ధతే, నీ ఓటు ఇక లెక్కలోకి రాదు అన్నాడు. ఇంకెవరైనా ఆ అభ్యంతరాన్ని తమదిగా తీసుకుంటే తప్ప అది కూడా పోయినట్టే. ఆమె బ్యాగు తీసుకుని బయటికొచ్చేసింది. పట్టాల పక్కన బండి పొడవునా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. రెండేళ్ళ కష్టం చేతులారా బూడిదలో పోసింది. సిగ్గుగా ఉంది. దాచినదాన్ని దించుకున్నందుకు ఎక్కడో కాస్త తేలిగ్గానూ ఉంది, ఆ తేలికకి ఇంకా సిగ్గేసింది.

కాసేపటికి రబ్బరాయన ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. కోటు లేదు, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నూనె రాయని బండి ఏదైనా ఉందా?" అని అడిగాడు.

పక్క లైనులో ఉంది. నల్ల పట్టీ పెట్టి మూశారు. పచ్చ దీపం. ఆయన లాగాడు, రాలేదు. ఆమె కూడా పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగినా రాలేదు. మేస్త్రీని పిలిచి అదే తలుపుకి నూనె రాయించాడు. పట్టీ వచ్చేసింది. ఆయన రబ్బరును వేలితో తడిమి చూశాడు.

"పొద్దున్నుంచీ దీన్ని పరీక్ష చెడగొట్టిన పొరపాటు అనుకున్నాం. ఇది మందు" అన్నాడు. "వారానికోసారి నూనె గుడ్డతో తుడవాలి, తుడిచి పట్టీ లాగి చూడాలి. రాకపోతే మళ్ళీ తుడవాలి. బండి ఆపక్కర్లేదు, జనం పేరుకోరు. ఎంత చిన్న డిపో అయినా చేస్తుంది. ఇలా అయితే మీ అభ్యంతరం నేను తీసుకుంటాను. నా పేరు మీద రాసుకోమంటాను."

ఆమె నల్ల పట్టీని చుట్ట చుడుతూ అడిగింది: "ఆ నూనె మీ కంపెనీ కూడా అమ్ముతుంది కదా?"

"అమ్ముతుంది."

"మరి లోపల ముందు ఆ మాట చెప్పండి. చెప్పకపోతే ఏమవుతుందో చూశారుగా."

ఆయన నవ్వేశాడు. "ఓటు పోతుందంటారా? పోనివ్వండి. చెప్పే అడుగుతాను. కమిటీలో తనిఖీలవాళ్ళ తరఫున వచ్చినాయన మొదట్నుంచీ మీవైపే ఉన్నాడు, అభ్యంతరం ఆయన పేరు మీద వేయిస్తాను." వెళ్ళబోతూ ఆగాడు. "దీపం వాక్యం కూడా ఉంచమంటారా? పచ్చ దీపం తలుపులు మూసుకున్నాయని మాత్రమే చెబుతుంది అన్నది."

ఆ ఒక్క వాక్యం కోసమే ఆమె ఈ ఊళ్ళన్నీ తిరిగింది. అక్కడితో ఆపమంటే ఆగుతుంది. తన మొగుడు నిర్దోషిగా మిగులుతాడు.

"ఉంచండి" అంది. "దాని కింద ఇంకోటి కూడా వేయించండి. కాబట్టి బండి కదిపే ముందు డ్రైవరు అద్దం చూడాలి అని."

కట్టుకున్న మనిషి మీద తనే సాక్ష్యం చెబుతున్నట్టుంది. రబ్బరాయన ఆమె ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత ముసాయిదా అందరికీ తిరిగింది. ఉత్తరాల మీద ఓట్లొచ్చాయి. బయటివాళ్ళ అభ్యంతరాలొచ్చాయి, ప్రతిదానికీ పెద్దాయన ఓపిగ్గా జవాబులు రాయించాడు. చివరికి పుస్తకం అచ్చయింది. అందులో ఎవరి పట్టీ అనీ లేదు, ఎవరి మొగుడు అనీ లేదు. రెండు ఊళ్ళవాళ్ళు వెంటనే అమల్లో పెట్టారు. సొంత సంస్థ మాత్రం ఇంకా పెట్టలేదు. చూద్దాం అక్కా, పాటించి తీరాలని లేదుగా అన్నాడు మేనేజరు. పాటించకూడదని కూడా లేదుగా అని ఆమె నల్ల పట్టీని తలుపుల విభాగం గోడకి మేకు కొట్టి తగిలించింది. వారం వారం మేస్త్రీ తుడుస్తున్నాడు, లాగుతున్నాడు.

పుస్తకం చేతికొచ్చిన రోజు ఆమె డ్యూటీ దిగి నేరుగా సామాన్ల గదికి వెళ్ళింది. కౌంటరు మీద తెరిచి పెట్టి, వేలు పెట్టి చూపించింది. భర్త గొడుగుల మధ్య నిలబడి రెండు వాక్యాలూ చదివాడు. పైది చదివి, కిందది చదివి, మళ్ళీ పైదానికొచ్చాడు.

"నన్ను వదిలిపెట్టలేదన్నమాట" అన్నాడు.

"లేదు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "కోపమా?"

ఆయన పుస్తకం మూసి ఆమె బ్యాగులో పెట్టాడు. కౌంటరు తలుపు దించి తాళం వేశాడు. బస్సు స్టాపువైపు కాకుండా మెట్లవైపు తిరిగాడు.

"పద, రైల్లో పోదాం" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద రద్దీగా ఉంది. బండి వచ్చింది. ఆమె ఎక్కింది. ఆయన ఎక్కబోతూ ఆగి, ప్లాట్‌ఫారం చివరి అద్దంలోకి చూశాడు. మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా, తొందరలేకుండా, ఒక్కో తలుపూ చూశాడు. అప్పుడు లోపలికొచ్చి, ఆమె బ్యాగు పట్టీని తలుపు దగ్గర్నుంచి లోపలికి లాగి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నేనున్నాగా. కాసేపు కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత రైల్లో కూర్చుంది. ఆయన తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాతి స్టేషన్ రాకముందే ఆమె లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.